ఇటుక లేనప్పుడు ఆడే ఆట

మా అన్న మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో బాయిలర్ దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేశాడు. తలనొప్పి వస్తే బాయిలర్ వేడి అనుకున్నాడు. కాళ్ళు వాస్తే నిలబడి నిలబడి అనుకున్నాడు. అది బీపీ అనీ, అది లోపల్లోపల కిడ్నీలను తినేస్తోందనీ తెలిసేసరికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. అప్పుడు ఆయనకు నలభై ఆరేళ్ళు.

ఆ మాట చెప్పిన రోజు డాక్టరు గదిలో ముగ్గురం ఉన్నాం. అన్న, వదిన, నేను. అన్నావదినలకు పిల్లలు లేరు. డాక్టరు మెల్లగా వివరించాడు. ముందు డయాలసిస్ మొదలుపెట్టాలి, ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే మళ్ళీ మామూలు మనిషిలా బతకొచ్చు అన్నాడు. వదినకు షుగరు ఉంది, ఆమె రక్తం గ్రూపు కూడా కలవదు. నాదీ అన్నదీ ఒకటే గ్రూపు.

"నేనిస్త సార్" అన్నాను, ఎవరూ అడగకముందే.

అన్న నా వైపు తిరిగి, "పిచ్చి లేసిందా నీకు? ఆడపిల్ల సదువుకుంటున్నది. నువ్వు కోతలు కోయించుకొని పండుకుంటే దాన్నెవరు సూస్తరు? నడువ్ నడువ్" అని లేచాడు.

ఆ మాట నేను నిజంగానే అన్నాను. కానీ మిర్యాలగూడలో బస్సెక్కి సూర్యాపేటలో దిగేలోపే నాకు భయం మొదలైంది. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన వద్దనలేదు. మూడోరోజు భోజనం దగ్గర, "ముందు బిడ్డ సదువు కానియ్. బావ కూడ వద్దంటుండు గద" అన్నాడు. నేను తలూపాను. ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత అన్నను ఇంకో నాలుగైదు సార్లు అడిగాను. "ఇస్తనే అన్నా, పరీక్షలు చేయించుకుందాం" అనేదాన్ని. ఆయన ప్రతిసారీ వద్దనేవాడు. వద్దంటాడని తెలిసి అడగడం చాలా తేలిక. నలుగురిలో ఉన్నప్పుడు అడగడం ఇంకా తేలిక.

మిర్యాలగూడలో డయాలసిస్‌కు మంచం ఖాళీ లేదన్నారు. సూర్యాపేటలో దొరికింది. సోమ, బుధ, శుక్రవారాలు, పన్నెండు నుంచి నాలుగింటి దాకా. అన్న పొద్దున బస్సుకు వచ్చేవాడు, సాయంత్రం బస్సుకు పోయేవాడు. మా జిరాక్సు షాపు ఆ దవాఖానకు నడిచిపోయేంత దూరంలోనే ఉంది. ఆ మూడు రోజులు మధ్యాహ్నం షాపును మా ఆయన చూసుకునేవాడు. నేను అన్న మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని.

నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఎడమచేతికి రెండు లావు సూదులు, రెండు గొట్టాలు. ఒక గొట్టంలో రక్తం మిషన్లోకి పోతుంది, ఇంకోదాంట్లో వెనక్కి వస్తుంది. సూదులు గుచ్చడం కోసం ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చోట చెయ్యి వేస్తే లోపల గుయ్యిమని అదురుతూ ఉంటుంది. మొదట్లో ఒకసారి నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టుకున్నాడు. "సూడు చెల్లె, బాయిలర్ ఆన్ చేసినట్టు లేదూ?" అన్నాడు. అంతకుమించి ఆ మొదటి మూడు నెలలు ఆయన పెద్దగా మాట్లాడలేదు. పైన తిరిగే ఫ్యానును చూస్తూ గడిపేవాడు. నీళ్ళు లెక్కప్రకారం తాగాలి, ఉప్పు తినొద్దు, పండ్లు తినొద్దు. మిల్లు పని పోయింది. మనిషి రోజురోజుకూ మూగవాడయ్యాడు.

అప్పుడు మా బిడ్డ ఆ ఆట తెచ్చింది.

అది హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. సెలవులకు వస్తూ పెద్ద అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చింది. ఒక దీవి మీద ఊళ్ళు కట్టే ఆట. హాస్టల్లో అందరూ దాని మీదే పడి ఉంటారంది. సోమవారం నాతోపాటు దవాఖానకు వచ్చి, "మామా, ఒక్కసారి ఆడుదాం, నచ్చకపోతే తీసేస్త" అని మంచం మీదికి జరిపే చక్రాల బల్ల పైన పరిచింది.

ఆట కష్టమేమీ కాదు. ఆరుమూలల అట్టముక్కలు పక్కపక్కన పేరిస్తే దీవి అవుతుంది. ఒక ముక్క అడవి, ఒకటి మట్టిగుంట, ఒకటి పొలం, ఒకటి గొర్ల బీడు, ఒకటి రాతిగుట్ట. ప్రతి ముక్క మీదా ఒక అంకె ఉంటుంది. రెండు పాచికలు వేస్తే ఏ అంకె పడుతుందో ఆ ముక్క అంచున ఇల్లు కట్టుకున్నవాళ్ళకు అక్కడి సరుకు చీటీ వస్తుంది. అడవి నుంచి కట్టె, మట్టిగుంట నుంచి ఇటుక. కట్టె, ఇటుక కలిపితే బాట పడుతుంది. వాటికి ఇంకో రెండు కలిపితే ఇల్లు లేస్తుంది. వడ్లూ రాయీ పోగైతే ఇంటిని పట్నం చేసుకోవచ్చు. ఏడు పడితే ఒక దొంగబొమ్మను ఏదో ఒక ముక్క మీద కూర్చోబెడతారు, అది ఉన్నంతసేపు ఆ ముక్క సరుకు ఎవరికీ రాదు. ఇంటికి ఒక మార్కు, పట్నానికి రెండు. ముందుగా పది మార్కులు ఎవరికొస్తే వాళ్ళది గెలుపు.

మా బిడ్డ ఇంగ్లిషు కాగితం చూసి గోధుమలు అని చదివితే అన్న ఒప్పుకోలేదు. "గోధుమలు మనమెక్కడ పండిస్తం కోడలా? వడ్లు అను" అన్నాడు. రాయిని, సిమెంటుకు తవ్వే మేళ్లచెరువు రాయి అన్నాడు. మూడు నెలల తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ రాత్రికి రాత్రే మా బిడ్డా నేనూ చీటీలన్నీ తెలుగులో టైపు చేసి, ప్రింటు తీసి, లామినేషన్ చేయించాం. లామినేషన్ ఉంటే స్పిరిట్‌తో తుడుచుకోవచ్చని సిస్టర్ కూడా ఊరుకుంది.

సెలవులయ్యాక మా బిడ్డ వెళ్ళిపోయింది. ఆట వార్డులోనే ఉండిపోయింది.

అన్నకు అటూ ఇటూ రెండు మంచాల మీద ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకామె కోదాడ నుంచి వచ్చే రిటైరైన టీచరు. ఆమెను అందరం టీచరమ్మా అనేవాళ్ళం. ఇంకొకాయన మేళ్లచెరువు దిక్కు తండా నుంచి వచ్చేవాడు. సిమెంటు లారీలు నడిపిన మనిషి. వయసులో అందరికంటే పెద్ద. నెల తిరక్కుండానే ఇద్దరూ ఆటలోకి దిగారు. చక్రాల బల్లను మధ్యలోకి జరిపి దీవి పరిచేదాన్ని. ముగ్గురికీ ఒక్కొక్క చెయ్యే కదులుతుంది. ఎవరికీ లేచి కూర్చోవడానికి లేదు. అందుకని ముగ్గురి చీటీలూ నేనే పట్టుకుని, ఎవరివి వాళ్ళకు చూపించి, చెప్పిన చోట బాటలు పరిచి, ఇళ్ళు పెట్టేదాన్ని. పాచికలు మాత్రం వాళ్ళే వేసేవాళ్ళు, టిఫిన్ డబ్బా మూతలో.

ముగ్గురి చేతుల్లో ఏముందో నాకు తెలుసు. చెప్పకూడదు. తండా పెద్దాయన నా మొహం చూసి లెక్కలు కట్టేవాడు. "నీ కనుబొమ్మ లేసిందంటే టీచరమ్మ తాన రాయి ఉన్నట్టే" అనేవాడు. టీచరమ్మ కోప్పడేది. "అమ్మాయి మొహం చూడకండి, ఆట చూడండి. ఇదేం పద్ధతండీ, క్లాసులో కాపీ కొట్టినట్టు!"

అన్న ఆ ఆటను మిల్లు పని పట్టించుకున్నట్టు పట్టించుకున్నాడు. బస్సులో వస్తూ పోతూ దాని గురించే ఆలోచించేవాడు. రెండు పాచికల మీద ఏ అంకె ఎన్ని విధాలుగా పడుతుందో తీరిగ్గా రాసుకున్నాడు. పదోతరగతితో ఆపేసిన మనిషి. వార్డుకు కొత్తవాళ్ళు వచ్చి మాకూ నేర్పమని అడిగేసరికి, "నేను జెప్త, నువ్వు రాయి. నీ షాపుల టైపు కొట్టి గోడకు పెడదాం" అన్నాడు. అట్లా ఒక శుక్రవారం ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

"మొదటి ఇల్లు ఏసేటప్పుడు తొందరపడొద్దు. ఆట సగం గాడనే గెలుస్తం, గాడనే ఓడుతం. ఆరు, ఎనిమిది మస్తు సార్లు పడ్తయి. రెండు, పన్నెండు ఎప్పుడో ఓసారి. ఏడు అందరికంటే ఎక్కువ పడ్తది గని అది దొంగది. అంకె మంచిగున్నదని ఒక్క సరుకు మీదనే పడొద్దు. మూడు ముక్కలు కలిసే మూల సూస్కో. మూడిట్ల మూడు తీర్ల సరుకు రావాలె.

"మొదట్ల కట్టె, ఇటుక. ఈ రెండు లేకుంటే బాట లేదు, బాట లేకుంటే ఇల్లు లేదు. ఆట సగానికొచ్చినంక వడ్లు, రాయి. అప్పుడు కట్టె పట్టుకొని కూసుంటే పనికిరాదు.

"బాట ఊకె పొడుగు చెయ్యొద్దు. ఎటు పోతున్నమో ముందే అనుకొని ఎయ్యాలె. టీచరమ్మ లెక్క సముద్రం దాంక ఏసి ఆగిపోవద్దు."

"నా పేరెందుకండీ గోడ మీద!" అని టీచరమ్మ పక్క మంచం నుంచి అరిచింది. నేను ఆ వాక్యం కొట్టేశాను. అన్న నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు.

"చేతిల ఏడుకు మించి చీటీలు దాసుకోవద్దు. ఏడు పడ్డదంటే దొంగొచ్చి సగం ఊడ్సుకపోతడు. ఉన్నది ఉన్నట్టు కట్టెయ్యాలె. పెద్దగ కట్టాలని ఆగినోడే దెబ్బ తింటడు.

"ఎవలన్న సరుకు అడిగితే బేరం చెయ్యి. మొదట్లనే చెయ్యి. మొదట్ల ఇచ్చినోనికి తర్వాత ఇస్తరు. గెలిచేతట్టున్నోనికి మాత్రం ఇయ్యకు.

"దొంగను పెట్టే వంతు నీకొస్తే, కోపమున్నోని మీద పెట్టకు. ముందున్నోని మీద పెట్టు. కోపానికి ఆట తెల్వది."

తండా పెద్దాయన అది విని, "ఇది నాకే జెప్పిండు" అన్నాడు. నిజమే. టీచరమ్మ ఒకసారి ఆయన దారికి అడ్డంగా ఇల్లు కట్టిందని నెలరోజులు దొంగను ఆమె పొలంలోనే కూర్చోబెట్టాడు.

ఆ కాగితం ప్రింటు తీసి, లామినేషన్ చేసి, నీళ్ళ డ్రమ్ము పైన గోడకు అంటించాం. అందులో ఎవరి పేరూ లేదు. ఊరికే "గెలిచే ఉపాయాలు" అని పెద్దక్షరాలు. మంచి ఆట పడ్డ రోజు బీపీ పడిపోయినా, కాళ్ళు కొంకర్లు పోయినా వాళ్ళు ఆపనిచ్చేవాళ్ళు కాదు. సిస్టర్ సెలైన్ పెడుతుంటే అన్న పళ్ళు బిగబట్టి, "చెల్లె, నా వంతు దాటెయ్యకు" అనేవాడు. నాలుగు గంటలు ఎప్పుడు గడిచాయో తెలిసేది కాదు. నేను కూడా సంతోషంగానే ఉన్నాను. అన్న బాగానే ఉన్నాడు కదా, ఇట్లా ఎన్నేళ్ళైనా గడిచిపోతుంది కదా అనుకున్నాను. కిడ్నీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగడం మానేశాను.

మూడో ఏడు అన్న చేతిలో నరం మూసుకుపోయింది. ఆ అదురు ఆగిపోయింది. ఇంకో చేతికి ఆపరేషన్ చేస్తే అదీ నిలవలేదు. చివరికి మెడ దగ్గర గొట్టం వేశారు. మెడ తిప్పితే నొప్పి. గొట్టం ఎక్కువకాలం ఉంచితే ఇన్ఫెక్షన్ వస్తుంది, జాగ్రత్త అన్నారు. మనిషి బరువు తగ్గాడు. మొహం నల్లబడింది. బస్సు దిగి దవాఖాన దాకా నడిచే మనిషి ఆటో ఎక్కడం మొదలుపెట్టాడు.

ఒక సోమవారం తండా పెద్దాయన రాలేదు. వాళ్ళింట్లో ఏదో పెళ్ళి. టీచరమ్మ ఒళ్ళు బాగాలేక నిద్రపోయింది. అన్నా నేనూ ఇద్దరమే ఆడుతున్నాం. వంతు నాది. నేను పాచికలు వేసి సరుకు పంచాను. ఆయన చీటీలు ఆయన కుడిచేతిలో ఉన్నాయి. వాటిని చూడడం లేదు. నన్నే చూస్తున్నాడు.

"చెల్లె."

"ఆ అన్నా."

"అప్పట్ల నువ్వు ఇస్తనన్నది..." అని ఆగాడు. "ఇంకా ఉన్నదా?"

నాకు అర్థమైంది. అందులో అనుమానమే లేదు. మూడేళ్ళలో ఆయన నన్ను తనకోసం ఏదీ అడగలేదు. ఒక్క గ్లాసు నీళ్ళు కూడా అడగలేదు. ఆ గొంతుతో అయితే అసలే అడగలేదు. మా బిడ్డ, మా ఆయన, కత్తి, మంచం, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. చేతిలో చీటీలు ఉన్నాయి. నేను వాటిలోకి చూశాను.

"ఇటుకనా అన్నా? అయిపోయింది. పోయిన వంతుల్నే బాటకు పెట్టేసిన" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఏమీ అనలేదు. ఆ క్షణంలో ఆయన, "కాదు, నేనడిగింది ఇటుక కాదు" అని ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు. ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. ఒప్పుకోకపోయేదాన్నేమో. ఆయన అనలేదు. చిన్నగా నవ్వి, "సరే తియ్. ఇటుక లేకున్నా ఆడొచ్చు" అన్నాడు.

తర్వాత నాకు అది నేర్పాడు. ఆరోజు ఇంకో గంటన్నర మిషన్ మీద ఉన్నాడు. మెడలో గొట్టంతో, అటు తిరగలేక, కళ్ళు మాత్రం బల్ల వైపు తిప్పి చెప్పాడు.

"ఇటుక లేనోడు పరేషాన్ కావొద్దు. అందరు ఇటుక కోసమే కొట్లాడుతుంటరు. నువ్వు ఆ జోలికి పోకు. నీ తాన వడ్లు మస్తున్నయి గద, రేవు దిక్కు పో. రేవుల ఇల్లుంటే వడ్లిచ్చి ఏదన్న తీసుకోవచ్చు. కొత్త ఇండ్లు కట్టకు, ఉన్న ఇల్లునే పట్నం చెయ్యి. దానికి ఇటుక అక్కర లేదు. జర ఆలస్యమైతది. ఆలస్యమైతె ఆయె. ఇటుక లేదని నువ్వు సిగ్గుపడేది ఏం లేదు. అర్థమైందా?"

"అయిందన్నా" అన్నాను. తల ఎత్తలేదు.

ఆయన చెప్పినట్టే ఆడాను. ఆ ఆట నేనే గెలిచాను. మూడేళ్ళలో ఆయన మీద నేను గెలిచింది నాలుగోసారో ఐదోసారో. సిస్టర్ వచ్చి మిషన్ ఆపింది. నేను ఆయన్ను ఆటోలో బస్టాండుకు తీసుకుపోయి మిర్యాలగూడ బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. "పోయొస్త" అన్నాడు. మామూలుగా అన్నట్టే అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో ఏమీ చెప్పలేదు. బుధవారం అడుగుదాం అనుకున్నాను. నేనే అడుగుదాం, పరీక్షలకు పోదాం పా అని చెయ్యి పట్టుకుని అడుగుదాం అనుకున్నాను. బుధవారం టీచరమ్మ లేచి ఉంది, పెద్దాయనా వచ్చాడు. వాళ్ళ ముందు ఎట్లా అనుకున్నాను. ఒకప్పుడు నలుగురిలో అడగడమే తేలిక అనుకున్నదాన్ని. శుక్రవారం కూడా అట్లాగే అయింది. ఆ తర్వాతి వారం కూడా.

మూడోవారం అన్నకు మిషన్ మీద ఉండగానే చలిజ్వరం వచ్చింది. మంచం మొత్తం వణికింది. గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ మొదలై రక్తంలోకి పోయిందన్నారు. హైదరాబాదుకు తీసుకుపోయాం. సిస్టరు చూసింది, డాక్టర్లు చూశారు, అందరూ చేయగలిగింది చేశారు. మూడోరోజు పొద్దున పోయాడు. వదిన ఆయన పాదాలు పట్టుకుని, "నాతోటి మాట్లాడు, ఒక్కసారి మాట్లాడు" అని పదే పదే అంటూ ఉంది. భర్త పోయిన మనిషి దుఃఖం అనుకున్నాను. అందులో ఇంకేదో ఉందని నాకప్పుడు తెలియదు.

రెండు నెలల తర్వాత వదిన సూర్యాపేట వచ్చింది. మిల్లు గుర్తింపు కార్డులో అన్న ఫోటో ఒకటి బాగుందట, పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలని తెచ్చింది. షాపులో స్కాన్ చేసి పెట్టి ఆమెను ఇంటికి తీసుకుపోయాను. మా ఆయన షాపులోనే ఉన్నాడు. ఇద్దరమే అన్నం ముందు కూర్చున్నాం. బెండకాయ కూర వండాను. వదిన రెండు ముద్దలు తిని, "నీ చేతి కూర ఆయనకు ఇష్టముండె" అంది.

ఆ మాటకు నాకు ఆగలేదు. రెండు నెలలుగా నోటి దాకా వచ్చి ఆగిపోతున్నది అప్పుడు బయటపడింది. ఆ సోమవారం ఏం జరిగిందో అంతా చెప్పాను. ఆయన ఏమడిగాడో, నేనేమన్నానో, అర్థమయ్యే ఎట్లా దాటేశానో. చెప్పి ఏడ్చాను. వదిన తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను కూడా.

వదిన తిట్టలేదు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అడిగిండా?" అంది.

"అడిగిండు వదినె."

"నిన్ను అడిగిండా ఆయన?"

"అవును."

కంచం పక్కకు జరిపింది. తర్వాత చెప్పింది. గొంతు పెంచలేదు.

"నేనే అడుగుమన్న. మెడల గొట్టమేసిన కాణ్ణుంచి పోరు పెట్టిన. చెల్లె ఇస్తనన్నది గద, ఒక్కసారి నోరు తెరిసి అడుగు అని. వద్దు వద్దు అన్నడు. ఆ సోమారం పొద్దున బస్సెక్కేటప్పుడు ఒట్టేయించుకున్న. సరే అన్నడు. పొద్దుగూకి ఇంటికొచ్చినంక అడిగినవా అన్న. అడగలే అన్నడు. నోరు రాలే అన్నడు."

నేను నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాను.

"నాకు కోపమొచ్చింది" అంది వదిన. "బతకాలని లేదా నీకు, నన్నొక్కదాన్ని జేసి పోదామనుకున్నవా అన్న. నా మీద ప్రేమ లేదు, పావురం లేదన్న. ఆ దినం నుంచి మాట్లాడలే. అన్నం పెట్టి పక్కకు పోయేదాన్ని. ఆయనే ఏదన్న అడిగితే తల తిప్పుకునేదాన్ని. దవాఖాన్ల పడ్డ దాంక మాట్లాడలే. అప్పుడు ఎంత పిలిచినా ఆయనకు ఇనబడలే."

అన్న నన్ను కాపాడాడని నాకు అప్పుడు తెలిసింది. ఇంటికి పోయి, ఒట్టు తప్పిన మనిషిగా నిలబడి, ఆమె మాటలన్నీ పడ్డాడు. చెల్లె దాటేసిందని ఒక్కమాట చెబితే ఆమె కోపం నా మీదికి తిరిగేది. చెప్పలేదు. ఆ చివరి రోజులు ఇంట్లో మాట్లాడే దిక్కు లేకుండా గడిపాడు.

వదిన లేచి చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ గుమ్మంలో ఆగింది.

"నువ్వు ఇయ్యనని చెప్పినా నాకు ఇంత బాధ ఉండకపోవు. భయమైతదన్నా, నావల్ల కాదన్నా అని ఉంటే ఆయనొచ్చి నాకు చెప్పేటోడు. ఇద్దరం ఒకతాన కూసొని ఏడ్సేటోళ్ళం. అది కూడ లేకుండ జేసినవ్."

బస్టాండు దాకా వస్తానంటే వద్దంది. ఫోటో సంగతి ఇద్దరం మర్చిపోయాం. తర్వాత మా ఆయన ఫ్రేము కట్టించి మిర్యాలగూడ పోయి ఇచ్చి వచ్చాడు. వదిన తీసుకుందట. చాయ పెట్టిందట. నా గురించి అడగలేదట.

వదిన వచ్చిపోయిన రోజే మా ఆయనకు కూడా అంతా చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. "నేను అప్పట్ల ఆ మాట అనకుంటే బాగుండు" అన్నాడు. నేను తప్పు ఆయన మీద వేయలేను. బిడ్డ చదువు అడ్డం అనేది మేమిద్దరం కలిసి పట్టుకున్న సాకు. ఆ చదువు అన్న అడిగిన ఏడాది వేసవికే అయిపోయింది. నిజమేమిటంటే నేను ఇవ్వనని ఎప్పుడూ అనుకోలేదు, ఇస్తానని కూడా అనుకోలేదు. అట్లా మూడేళ్ళు గడిపాను. అడిగే రోజు రాదని నమ్మాను.

కొన్నాళ్ళకు టీచరమ్మ ఫోన్ చేసింది. "అమ్మాయ్, నువ్వు రాకపోతే మాకు చేతులు లేవమ్మా. పెద్దాయన ఒక్కచేత్తో బాటలు వేయబోయి దీవంతా కింద పడేశారు. రామ్మా, మీ అన్నయ్య ఉంటే పొమ్మనేవారే కదా" అంది. ఆమెకు నా సంగతి తెలియదు. పోయాను. అన్న మంచం మీద కొత్తగా ఒకావిడ ఉంది. ఆమెకు ఆట నేర్పాను. గోడమీది కాగితం చదివి, "ఇవన్నీ ఎవరు రాసిన్రక్కా?" అని అడిగింది. మా అన్న అన్నాను. అన్న నాకు ఒక్కదానికే చెప్పిన ఆ ఆఖరి ఉపాయం అందులో లేదు. నేను చేర్చలేదు. ఒకరోజు ఆవిడ చేతిలో ఇటుక లేక తికమకపడింది. టీచరమ్మ ఏదో సలహా చెప్పింది. నేను చీటీలు పట్టుకుని ఊరుకున్నాను.

సంవత్సరీకానికి మిర్యాలగూడ పోయాను. పిలవకపోయినా పోవాలి, నా అన్న. మా బిడ్డా, మా ఆయనా ముందు నడిచారు. వదిన మా బిడ్డను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. నన్ను చూసి, "వచ్చినవా" అంది. అంతే. వాకిట్లో కూర్చోబుద్ధికాక నేను వెనకవైపు పోయి గిన్నెలు తోముతూ కూర్చున్నాను. కొంతసేపటికి వదిన వచ్చి పక్కన పీట వేసుకుని, నేను తోమినవి కడగడం మొదలుపెట్టింది. చాలా గిన్నెలున్నాయి. మధ్యలో ఒకసారి ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. తీసేయలేదు, పట్టుకోలేదు. ఇంకో గిన్నె అందుకుంది.

చుట్టాలందరూ పోయారు. మేమూ బయల్దేరాం. వదిన గేటు దాకా వచ్చింది.

"బస్సు దొరుకుతదా ఇప్పుడు?" అంది. మా ఆయన్ను కాదు, నన్నే చూసి.

"దొరుకుతది వదినె" అన్నాను.

తలూపి, కొంగు భుజం మీద సర్దుకుని, లోపలికి పోయింది.